ఆదివారం ఫోను

మేడ్చల్‌లో మా గల్లీ అంతటికీ ఒకటే ఫోను ఉన్న రోజుల్లో అది మా ఇంట్లో ఉండేది. ఎవరికి ఫోనొచ్చినా నేనే వెళ్లి కేకేసి పిలవాలి. ఒళ్లు మండేది. ఊరందరికీ చాకిరీ చేయడానికే పుట్టానా అంటే అమ్మ విననట్టే ఉండేది.

ఎదురింటాయన శామీర్‌పేట వైపు ప్లాట్లు అమ్మిపెట్టేవాడు, చిట్టీలు నడిపేవాడు. అమ్మను అక్కా అనేవాడు, ఆయన భార్య వదినె అనేది. రక్తసంబంధమేమీ లేదు. గల్లీలో అందరితోనూ ఇలాంటి వరసలే. ఆ పిలుపులు నమ్మి సగం గల్లీ ఆయన దగ్గర చిట్టీ కట్టింది. అమ్మ నా ఇంజనీరింగ్ ఫీజు కోసం కట్టింది, మధ్యలో చిట్టీ పాట పాడి ఎత్తుకోకుండా చివరిదాకా ఉంచితే ఎక్కువొస్తుందని. చిట్టీ డబ్బంతా ఆయన ప్లాట్లలో పోశాడు. బేరాలు పడిపోయాయి. ఒక పొద్దున లేచి చూస్తే మనిషి లేడు.

అమ్మ ఏడవలేదు. బియ్యం ఏరుకుంటూ కూర్చుంది. నేను మామూలు డిగ్రీలో చేరాను. కండ్లకోయ ఇంజనీరింగ్ కాలేజీ బస్సులు మా ముందు నుంచే పోయేవి. చూసేదాన్ని, ఏమీ అనిపించేది కాదు.

కొన్నాళ్లకు ఆయన ఆదివారాలు మా ఇంటికి ఫోను చేయడం మొదలుపెట్టాడు. ఒక్కోసారి ఒక్కో ఊరి బూత్ నుంచి అనేవాడు. ఎక్కడున్నాడో చెప్పేవాడు కాదు. భార్య వచ్చి నాలుగు ముక్కలు మాట్లాడి పోయేది. మన పైసలు మింగినవాడికి మన ఫోనే దొరికిందా అని అమ్మ మీద విరుచుకుపడ్డాను.

"పెనిమిటే పోయిండు. ఇగ ఆయన మాట గూడ గుంజుకోవాల్నా?" అంది అమ్మ.

సంగతి గల్లీకి పొక్కింది. ఒక ఆదివారం చిట్టీ కట్టినవాళ్లంతా వచ్చి మా ముందుగదిలో కూర్చున్నారు. ఆయన భార్యనూ పిలిపించారు. ఏదో ఒకటి చెప్పి ఇంటికి రప్పించు, కాళ్లు విరగ్గొట్టైనా పైసలు వసూలు చేస్తాం అన్నారు. ఆమె గోడకానుకుని నిలబడింది.

ఫోను మోగింది. అమ్మ వంటింట్లోంచి తడి చేతులతోనే వచ్చి, ఆమె కన్నా ముందు ఎత్తింది.

"రాంగ్ నంబర్," అని పెట్టేసింది.

అందరికీ అర్థమైంది. నోటికొచ్చినట్టు తిట్టి పోయారు. ఆమె అమ్మ చేతులు పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

మరుసటి ఆదివారం ఆమె పొద్దున్నే వచ్చి కూర్చుంది. ఫోను రాలేదు. ఆ పై ఆదివారమూ రాలేదు. గదిలో ఎవరెవరు ఉన్నారో ఆయనకేం తెలుసు? అక్క గొంతు గుర్తుపట్టాడు. అక్క కూడా తలుపేసిందనుకున్నాడు. కాదని చెప్పడానికి మా దగ్గర ఆయన నంబరు లేదు. ఈ మాట మా ఇంట్లో ఎవరూ పైకి అనలేదు.

ఆమె ఏదో కంపెనీలో ప్యాకింగ్ పనికి కుదిరింది. ఆదివారాలు మాత్రం వచ్చేది. అమ్మతో కలిసి బియ్యం ఏరేది, ఫోను వైపు చూసేది కాదు. అలా ఏళ్లు గడిచాయి.

ఇంటింటికీ సెల్లులొచ్చాక, ఈ ఫోను దండగ, తీయించేద్దామన్నాడు నాయన. విషయం తెలిసి ఆమె ఆ సాయంత్రమే వచ్చింది. కొంగుముడి విప్పి, మడతలు పడ్డ నోట్లు తీసి అమ్మ ముందు పెట్టింది.

"తీపియ్యకు వదినె. బిల్లు నేను గడ్త."

మా చిట్టీ డబ్బు మాట ఆ ఇంటి నుంచి ఎవరూ ఏనాడూ ఎత్తలేదు. అమ్మా అడగలేదు. ఆ నోట్లు తీసి ఆమె కొంగులోనే మళ్లీ ముడేసింది. ముడి వేస్తూ వేస్తూ అమ్మ ఏడ్చింది.