సెలూన్‌లో కుందేలు

మా వీధి సెలూన్ బాబాయికి శుభ్రత పిచ్చి. కత్తిరించిన జుట్టు నేల తాకీ తాకకముందే ఊడ్చేస్తాడు. షాపు వెనకే ఇల్లు. కూతురి కుందేలు ఎప్పుడైనా షాపులోకొచ్చి పెంటికలు వేసిందంటే ఆ పూట ఇంటిల్లిపాదికీ అక్షింతలే.

ఒకసారి ఆ కుందేలు తిండి మానేసింది. గడ్డిపొడి నీళ్లలో కలిపి సూది లేని సిరంజితో పట్టమనీ, పెంటికలు పడితే కడుపు కదిలినట్టేననీ డాక్టరమ్మ చెప్పింది. కూతురు పట్టబోతే అది తల విదిలించుకోవడం చూసి బాబాయి నా తల సగం కత్తిరించి వదిలేశాడు. కుందేలుకి తువ్వాలు చుట్టి, గడ్డం గీసేటప్పటి ఒడుపుతోనే దవడ పట్టుకుని, నోటి పక్క నుంచి కొంచెం కొంచెంగా పట్టాడు.

"నమిలి మింగవే తల్లీ, అవతల గిరాకీ ఉంది," అని విసుక్కున్నాడే గానీ, అది మింగేదాకా మళ్లీ సిరంజి నొక్కలేదు. అద్దంలో నా సగం క్రాఫు చూసుకుంటూ నేనూ ఆగాను.

మర్నాడు మధ్యాహ్నం అటు వెళ్తూ షాపులో అడుగు పెట్టబోయాను. గుమ్మం పక్కన నేల మీద నాలుగు పెంటికలు, వాటికి కాపలాగా అటూ ఇటూ రెండు స్టూళ్లు.

"చూసి నడువు," అన్నాడు బాబాయి. "అమ్మాయి బడి నుంచి వచ్చి చూసేదాకా అక్కడ చీపురు పడదు."