అక్క ఇంటి ఉడుకునీళ్ళు

కార్తీకం వెళ్ళి చలి ముదిరే రోజుల్లో ధర్మవరం నుంచి అక్క ఫోను చేసింది.

"తమ్ముడా, కొళాయిలో ఉడుకునీళ్ళు పోగు మాదిరి సన్నగ వస్తాండాయి. చన్నీళ్ళు మాత్రం దబదబా పడతాండాయి. గీజరు చచ్చిపోయిందని మీ బావ కట్టెలకు చెప్పొచ్చినాడు. రేపటి నుంచి మళ్ళా అండా కింద మంట పెడతాడంట."

రమ్మని ఆమె అడగలేదు. కానీ నీళ్ళు కాచే ఆ అండా మాట దగ్గర గొంతు తగ్గింది. పోయిన చలికాలం ఆ కట్టెల పొగకే అక్కకు ఊపిరి ఆడక, గోడకు ఆనుకుని కూర్చునే తెల్లవార్లూ గడిపింది. పొగ దగ్గరికి పోవద్దని డాక్టరు గట్టిగా చెబితే అక్క కూతురు గీజరు పెట్టించింది. బావకు మొదటినుంచీ దాని మీద నమ్మకం లేదు.

మరునాడు పొద్దున్నే హిందూపురంలో రైలెక్కాను. సంచిలో రెండు స్పానర్లు, తెల్ల టేపు, పాత పళ్ళబ్రష్షు, నా డైరీ. పెనుకొండలో ఎక్కి పక్కన కూర్చున్న ఒక పెద్దాయన, సంచిలోంచి తొంగిచూస్తున్న స్పానరును చూసి, "ఏమప్పా, ఈ వయసులో పనికి పోతాండావా?" అన్నాడు.

"లేదప్పా, మా అక్క ఇంటికి."

"అక్క ఇంటికి పండ్లు తీసకపోతారు గానీ స్పానర్లు తీసకపోతారా!" అని, ధర్మవరం వచ్చేదాకా దిగులుపడ్డాడు.

ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ టెలిఫోను లైన్లలో లోపం ఎక్కడుందో వెతకడమే నా పని. అందులో నేర్చుకున్నది ఒక్కటే: చెడిందాన్ని వెతికేముందు బాగున్నదేదో తేల్చుకోవాలి. తేల్చుకున్నదాన్ని కాగితం మీద పెట్టుకోవాలి. అందుకని కాఫీ తాగి, బాత్రూములో స్టూలు వేసుకుని కూర్చుని, డైరీలో ట్యాంకు నుంచి కొళాయిల దాకా పైపుల బొమ్మ గీయడం మొదలుపెట్టాను.

గుమ్మంలో నిలబడ్డ బావ నవ్వాడు. "ఏం బామ్మర్దీ, కొళాయికి జాతకం రాస్తాండావా? పెండ్లి ఎప్పుడో గూడా చూడు."

"ముందు దాని జబ్బు చూడనీ బావా."

"జబ్బు ఏముండాది? డబ్బాకు ముసలితనం వచ్చింది. నేను ఆపొద్దే చెప్తి, దుడ్లు దండగని."

మా ప్రాంతంలో నీళ్ళు ఉప్పు. మా ఇంట్లో కొళాయి మూతిలో ఉండే చిన్న జల్లెడకు తెల్లగా పేరుకుపోతూ ఉంటుంది. ఆ జల్లెడను చింతపండు పులుసులో నానబెడితే వదులుతుంది. ఇక్కడా అదే అయి ఉంటుందని నా అంచనా. అడగ్గానే అక్క చింతపండు నానేసింది. తీరా విప్పి చూస్తే జల్లెడ అద్దంలా ఉంది! వంటింట్లోకి వెళ్ళి చూశాను. అక్కడా వేడినీళ్ళు సన్నగానే ఉన్నాయి, చన్నీళ్ళు జోరుగా ఉన్నాయి. రెండు కొళాయిలూ ఒకేసారి పూడిపోవు. అంటే ట్యాంకు మంచిదే, కొళాయిలూ మంచివే. జబ్బు వేడినీళ్ళు మాత్రమే నడిచే దారిలో ఉంది. నానిన చింతపండును అక్క చారుకు వాడేసింది.

గీజరు స్విచ్చి తీసేసి, అది చల్లబడేదాకా ఆగి, నీళ్ళు బయటికి వచ్చే గొట్టం విప్పాను. అక్కడా సన్నటి ధారే. కాబట్టి కొళాయిల వైపు పైపుల్లో అడ్డమేమీ లేదు. ఇక మిగిలింది నీళ్ళు లోపలికి పోయే గొట్టం. కింద వాల్వు కట్టేసి దాన్ని విప్పి, మళ్ళీ ఆ వాల్వు కొంచెం తిప్పానో లేదో చన్నీళ్ళు ఎగిసి గోడకు కొట్టి, అక్కడి నుంచి బావ పంచెను నిలువునా తడిపేశాయి.

"ఓరి నీ పాసుగూల! బామ్మర్ది సరసం ఈ వయసులోనా?"

లోపల అక్క పకపకా నవ్వడం వినిపించింది.

నాకు మాత్రం సంతోషం వేసింది. గీజరు గుమ్మం దాకా నీళ్ళు ఇంత జోరుగా వస్తున్నాయంటే, అడ్డం ఆ గుమ్మంలోనే ఉంది. నీళ్ళు వెనక్కి పోకుండా ఆపే చిన్న ఇత్తడి వాల్వు అక్కడ ఉంటుంది. కింద బకెట్టు పెట్టి, దాన్ని మెల్లగా విప్పి, బ్రష్షు కాడతో లోపల కెలికాను. తడి దూదిలాంటి ముద్ద ఒకటి అరచేతిలో పడింది. కడిగితే ముదురు రంగు పట్టుపోగులు!

బావ పట్టుచీరల మగ్గం దిగి చాలాకాలమైనా, నేయించే చీరలకు రంగుల ఎంపిక ఇప్పటికీ ఆయనదే. పంచె పిండుకోవడం మానేసి, కళ్ళద్దాలు పెట్టుకుని, ముద్దను కిటికీ దగ్గరికి తీసుకుపోయి, రెండు పోగులు లాగి వెలుతురుకు పట్టాడు. ముఖం వెలిగిపోయింది.

"ఇది వంకాయ రంగు గాదప్పా, నేరేడుపండు రంగు. దీంట్లో ఎరుపు చూసినావా, ఎట్ల దాక్కోనుండాదో! ఈ రంగు ఈ ఊర్లో ఇంగెవురూ వేయించలేదు. అద్దకం కాడ నేనే నిలబడి వేయించినా. మిద్దె మింద రేకుల నీడలో నేనే ఆరేసి…"

ఆగిపోయాడు.

ఈలోగా అక్క గుమ్మంలోకి వచ్చింది. "ఆరేసి? వెదురుగడ యాడ పెట్టినావు?"

బావ పోగుల వంకే చూస్తున్నాడు. "ఒక కొన గోడ మింద."

"ఇంగో కొన?"

"ట్యాంకు మింద. మూత అడ్డమొస్తాందని తీసి పక్కన పెట్టినా."

"పెట్టి?"

"పెట్టి… ఆడనే ఉంటుందిలే మే."

అక్క తలుపు పట్టుకుని నవ్వీ నవ్వీ దగ్గింది. నీళ్ళిచ్చి కూర్చోబెట్టాం. కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ, "తమ్ముడా, ఈయప్ప నాకు పట్టుచీర కట్టించి ఎన్నేండ్లాయనో, గీజరుకు మాత్రం కట్టించినాడు చూడు!" అని మళ్ళీ నవ్వింది.

వాల్వు కడిగి, మరలకు టేపు చుట్టి బిగించాను. గీజరు నిండి, వేడి కొళాయిలో నీళ్ళు ధారగా వచ్చాకే స్విచ్చి వేయనిచ్చాను. కొంతసేపటికి కొళాయి తిప్పితే, పొగలు కక్కుతూ బకెట్టు నిండింది. అప్పుడే వీధిలో కట్టెల బండి వచ్చి ఆగింది. బావ బయటికి వెళ్ళి, తడి పంచెతోనే, "మాకొద్దప్పా, మా ఇంట్లో గీజరుండాది" అన్నాడు, ఏనాడూ దాన్ని ఒక్కమాట అననట్టు.

అక్క టవలు తీసుకుని బాత్రూములోకి వెళ్ళి తలుపు వేసుకుంది. చాలాసేపు నీళ్ళ చప్పుడే. దగ్గు వినిపించలేదు. బావ తలుపు కొట్టాడు.

"మే, నాక్కొంచెం ఉడుకునీళ్ళు మిగిలియ్యి. చలి పుడతాండాది."

"ముందు మిద్దెక్కి ట్యాంకుకు మూత పెట్టిరా పో."

బావ నా వైపు చూశాడు. నేను డైరీలోకి చూశాను. ఆయన గొణుక్కుంటూ మెట్లెక్కాడు. లోపల అక్క ఇంకో చెంబు నెత్తిన పోసుకుంది.