ఒంటి బుగుడి

గుడిబండె చుట్టుపక్కల ఆంజనప్ప గొంతు గురించి ఒక మాట ఉంది. ఆయన గుడి ముందు “ఒకటోసారి” అంటే బాగేపల్లిలో ఉన్నవాడు విని, బస్సెక్కి వచ్చి, “మూడోసారి” లోపల హర్రాజు పాట పాడుకోవచ్చునట. కోతలే అనుకోండి. అయినా చింతామణి మండీలో టొమాటో బాక్సుల మధ్య నిలబడి ఏళ్ళ తరబడి హర్రాజు పిలిచినవాడి గొంతు మనలాగా ఉంటుందా? ఇంట్లో ఆయన ఉప్పు అడిగితే పక్కింటివాళ్ళు తెచ్చిచ్చేవాళ్ళు.

ఆయన భార్య హనుమక్క. ఇద్దరి పేర్లూ ఒకే దేవుడివి కావడంతో, ఆ ఇంట్లో తగలబడడానికి లంక ఒక్కటే తక్కువని ఊళ్ళో వేళాకోళం చేసేవాళ్ళు. ఆమె మాటలు తక్కువ మనిషి. పెళ్ళికి వాళ్ళ అవ్వ ఇచ్చిన బుగుడీలు తప్ప ఒంటి మీద చెప్పుకోదగ్గ బంగారం లేదు. చెవి పైమడతకు పెట్టుకునే నగ అది. మధ్యలో ఎర్ర రాయి, చుట్టూ ముత్యాలు. ఇప్పటి పిల్లల చేతికిస్తే ఎక్కడ పెట్టుకోవాలో కూడా తెలియదు.

ఇరవై ఆరేళ్ళ కిందట ఆంజనప్ప గొంతులో గడ్డ లేచింది. ఆపరేషన్ చేస్తే గడ్డ పోయింది, దాని వెంట గొంతూ పోయింది. ఎనిమిది నెలలు నోరు తెరిస్తే గాలి తప్ప మాట రాలేదు. అప్పుడు హనుమక్క ఎవరికీ చెప్పకుండా ఎల్లమ్మ గుడికి వెళ్ళి, ఎడమ చెవి బుగుడి తీసి పూజారి పళ్ళెంలో పెట్టింది. మొగుడి గొంతు తిరిగొస్తే జాతరలో అమ్మవారి హర్రాజు ఏటా ఆయనే పిలుస్తాడని, పైసా పుచ్చుకోడని మొక్కుకుంది. రెండూ ఎందుకివ్వలేదని ఆయన ఇంట్లో సైగ చేసి అడిగితే నవ్వింది.

“ఒక చెవిది ఆయమ్మకు, ఒక చెవిది నాకి. ఇద్దరమూ కలిసి చూసుకుంటాములే నిన్ను.”

గొంతు వచ్చింది. మందుకు వచ్చిందో మొక్కుకు వచ్చిందో, ఆ తగువు మనకెందుకు? హనుమక్క మాత్రం ఆనాటి నుంచి ఎడమ చెవిని బోడిగానే ఉంచుకుంది. జాతరనాడు పూజారి అమ్మవారి ఎడమ చెవికి ఆ బుగుడి పెట్టేవాడు. ఆంజనప్ప గర్భగుడి వైపు ఒకసారి, ఆడవాళ్ళ వరుస వైపు ఒకసారి చూసి, జత కుదిరిందని నిమ్మళపడి, అప్పుడు హర్రాజు మొదలుపెట్టేవాడు. అమ్మవారికి వచ్చిన చీరలూ పొట్టేళ్ళూ కొబ్బరికాయలూ ఆ గొంతు మీదుగానే అమ్ముడుపోయేవి.

నాలుగేళ్ళ కిందట హనుమక్క పోయింది. కుడి చెవి బుగుడి కాగితం మడతలో ఆయన చొక్కా లోపలి జేబుకు చేరింది. మండీ వేలాలు అప్పటికే మొబైల్లోకి వెళ్ళిపోయాయి. బాగేపల్లిలో బట్టలు కుట్టుకుంటున్న కూతురు నేత్ర తన దగ్గరికి వచ్చి ఉండమంటే, ఈ జాతర కానీ అంటూ దాటేస్తూ వచ్చాడు. నిజానికి ఆయన బతుకు జాతరలోనే ఉంది. ఏడాదికొక్క రోజు అమ్మవారి చెవిన ఆ రాయి మెరిస్తే, హనుమక్క సగమైనా లోకంలో ఉన్నట్టు ఉండేది. ఆ రెండు బుగుడీలనూ ఒక్కసారి పక్కపక్కన పెట్టి చూసుకోవాలన్న కోరిక ఆయన్ని నాలుగేళ్ళుగా తినేస్తోంది.

ఈ ఏడు గుడి కమిటీవాళ్ళు అమ్మవారికి కొత్త కవచం చేయించాలని తీర్మానించారు. అందుకోసం ఏళ్ళుగా పడి ఉన్న పాత ముడుపులన్నీ హర్రాజుకు పెట్టారు. వెండి కళ్ళు, ముక్కుపుడకలు, దీపపు కుందులు, వాటి మధ్య ఒంటి బుగుడి. ఆంజనప్ప ధర్మకర్త మునినారాయణ ఇంటికి వెళ్ళి, ఆ ఒక్కటీ వెలకట్టి తనకిమ్మని అడిగాడు. మునినారాయణ చెడ్డవాడేమీ కాదు. ముడుపుల జాబితా తాలూకా ఆఫీసుకు పోయిందని, ఇక ఏదైనా హర్రాజులోనే పోవాలని నొచ్చుకుంటూ చెప్పాడు. పిలిచే నోరు పాడకూడదన్న కట్టు ఆంజనప్పకు తెలియనిది కాదు. కూతురు పాడితే ఎవరూ అడ్డం రారని మాత్రం ధైర్యం చెప్పాడు.

నేత్ర నలభై వేలు తెచ్చింది. లెక్క తేలికే. ఒంటి నగ ఎవరికీ అక్కరలేదు, కరిగించుకునే ఆచారి బంగారం వెల దాటి పాడడు, ఆ వెల ముప్పై లోపలే. నువ్వు మాత్రం నోరు అదుపులో పెట్టుకో నాయనా, ఒంటిదని చెప్పి ఊరుకో అని పొద్దున్నే తండ్రికి పాఠం చెప్పింది. ఆయన బుద్ధిగా తలూపాడు.

గుంపులో ఆ రోజు కొత్త మనిషి ఒకడున్నాడు. పేరు పురుషోత్తమ్, చిక్కబళ్ళాపురం వాడు. పాత నగలు ఏరుకుపోయి బెంగళూరులో పెద్ద వేలాలకు ఇస్తాడట. అక్కడ నగకొక ఫోటో తీసి, పక్కనే దాని చరిత్ర రాసి, పుస్తకం అచ్చు వేస్తారట. ఆయన వెండి కళ్ళ వైపు చూసి ఆవులించాడు.

బుగుడి వంతు వచ్చింది. అమ్మవారికి చేరాక దాన్ని ఆంజనప్ప చేత్తో తాకడం అదే మొదలు. పైకెత్తి చూపించాడు.

“ఒంటిదే. జత లేదు,” అన్నాడు.

అంతటితో ఆపాలి. నేత్ర కళ్ళతోనే ఆపమంది. ఇరవై ఎనిమిది వేలని ఆచారి మొదలుపెట్టాడు, ముప్పై అని నేత్ర చెయ్యెత్తింది. ఇంతలో వెనకనుంచి ఎవడో, ఒంటి చెవిదాన్ని వెతికి ఇయ్యండప్పా అని నవ్వాడు. పదిమందీ నవ్వారు. ఆ నవ్వు ఆయనకు తగలరాని చోట తగిలింది.

“నవ్వొద్దండప్పా. సద్ది తీసుకొని గట్టు మింద వస్తా తల తిప్పితే, మనిషి కంటే ముందు ఇది కనపడతాది. చేను ఆ కొస నుంచి కనపడతాది. ఆకలి అప్పుడే సగం తీరిపోతాది. ఇది పెట్టుకున్న చెవి మనం చెప్పే అబద్ధాలన్నీ వింటాది, ఒక్కటీ బయటికి ఇడవదు. ఇది బంగారమని తూకమేసేవాడు ఇంటికి పోవచ్చు.”

హనుమక్క గురించి ఆయన అన్ని మాటలు ఎవరితోనూ అనలేదు. ఆమెతోనూ అనలేదు. ఇప్పుడు అంటుంటే ఆగలేదు. గుంపు నవ్వు మానేసింది. పురుషోత్తమ్ ఆవులింత మానేసి ముందుకు వచ్చాడు, భూతద్దం కంటికి పెట్టుకుని చూశాడు, ముప్పై ఐదు అన్నాడు. నేత్ర నలభై అంది. పురుషోత్తమ్ నలభై ఐదు అన్నాడు.

నేత్ర చెయ్యి దించేసింది. తండ్రి వైపు చూసిన చూపులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండుననిపించింది ఆంజనప్పకు.

“ఒకటోసారి,” అన్నాడు. గుంపంతా కలియజూశాడు. “రెండోసారి.” రెండుకూ మూడుకూ మధ్య ఎంతసేపు ఆగాలన్నది పిలిచేవాడి ఇష్టం. ఆయన మధ్యాహ్నపు ఎండలో చెమట కారుతుంటే ఆగాడు. మునినారాయణ తల దించుకున్నాడు. అమ్మవారి సొమ్ము, పైపాట లేదు. ఎంతసేపని ఆగుతాడు? “మూడోసారి.”

డబ్బు కట్టి వచ్చిన పురుషోత్తమ్ ఆయన పక్కన చేరాడు. ఇంత తెలిసిన మనిషికి దీని జత కూడా తెలిసే ఉంటుందని, జత దొరికితే లక్ష ఇస్తానని మెల్లగా అన్నాడు. ఆంజనప్ప ఒక్క క్షణం ఆ బుగుడిని చేతికిమ్మన్నాడు. లోపలి జేబులోంచి కాగితం మడత తీసి, రెండింటినీ అరచేతిలో పక్కపక్కన పెట్టుకున్నాడు.

పుట్టుకకు కవలలే. అమ్మవారిది ఏడాదికొక్క రోజు పెట్టుకున్నది, అంచులు కొత్తగా ఉన్నాయి, ముత్యాలు తెల్లగా ఉన్నాయి. రెండోది నూనెకూ చెమటకూ ముత్యాలు పచ్చబారి, నిద్రలో దిండుకు రాసుకుని ఒక పక్క అంచు అరిగిపోయి ఉంది. హనుమక్క కుడివైపు తిరిగి పడుకునేది. నాలుగేళ్ళుగా అదే నగను జేబులో మోస్తున్నాడు గానీ, జత పక్కన పెట్టేదాకా ఆ అరుగుదల ఆయన కంటికి ఆనలేదు. కళ్ళు నిండిపోయి, రెండూ కలిసిపోయి ఒక్కటిగా కనిపించాయి.

పురుషోత్తమ్ లక్షన్నర అన్నాడు. ఆంజనప్ప తెల్ల ముత్యాలదాన్ని ఏరి ఆయన చేతిలో పెట్టాడు.

“అది అమ్మోరు పెట్టుకొనింది, అప్పా. ఇది హనుమక్క పెట్టుకొనింది.”

కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. దీపపు కుందులు ఇంకా మిగిలి ఉన్నాయని మునినారాయణ కేక వేశాడు. ఆంజనప్ప అరుగెక్కాడు. అలవాటు చొప్పున గర్భగుడి వైపు చూశాడు. అమ్మవారి ఎడమ చెవి బోడిగా ఉంది. కుందిని పైకెత్తి నోరు తెరిచాడు. గాలి తప్ప మాట రాలేదు. గుంపు కాసేపు ఎదురుచూసింది. ఆయన కుందిని అట్లాగే పైకి పట్టుకుని నిలబడ్డాడు.