షెడ్యూల్‌లో లేని భాష

కరీంనగర్‌లో నేను పాఠాలు చెప్పే ఇంజినీరింగ్ కాలేజీకి కేంద్ర ప్రభుత్వం పరిశోధన ప్రాజెక్టు ఇవ్వడం అదే మొదలు. ఇప్పటివరకైతే అదే ఆఖరు కూడా. మనిషి గోండీలో మాట్లాడితే విని, ఆ మాటను తెలుగులో పలికే యంత్రాన్ని తయారు చేస్తామని మేం రాసి పంపాం. ఆలోచన నాది కాదు. నా దగ్గర పీహెచ్‌డీకి చేరిన అమ్మాయిది.

ఆమెది ఉట్నూరు అవతల ఒక గోండు గూడెం. ఈ అంశమే ఎందుకు ఎంచుకున్నావని ఇంటర్వ్యూలో అడిగితే తల వంచుకుని వాళ్లమ్మ సంగతి చెప్పింది. తను ఎంటెక్ చదువుతూ హాస్టల్లో ఉండగా వాళ్లమ్మకు జబ్బు చేసింది. ఆస్పత్రికి వెంట వెళ్లిన చిన్నాన్నకు తెలుగు అంతంతమాత్రం.

"మా అవ్వ ఛాతీల నొప్పి అన్నదట మేడం. మా చిన్నబాపు తెలుగుల ఏమని చెప్పిండో, డాక్టరుకు కడుపునొప్పి అని సమజైంది. గోలీలిచ్చి పంపిండు. ఇంటికచ్చినంక బతకలే. ఎవ్వల్ని అనాలె? ఎవ్వలు గావాలని చెయ్యలే."

ప్రాజెక్టు మంజూరయ్యాక మాకొక గది దొరికింది. మంచి కంప్యూటర్ వచ్చింది, ఆమెకు ఫెలోషిప్ మొదలైంది. ఇద్దరం గూడేలు తిరిగాం. మాది హుజూరాబాద్, నాకు గోండీ ఒక్క ముక్క రాదు. ఆమె ఆడవాళ్ల మధ్యన కూర్చుని మాట్లాడిస్తుంటే నేను మైకు పట్టుకునేదాన్ని. ఒక ముసలామె రికార్డయిన తన గొంతు విని, "గిది నా గొంతు కాదు, ఎవ్వలో జలుబు చేసినోళ్లది" అని కొట్టిపారేసిందట. ఆకు వక్క నమిలి, గొంతు సవరించుకుని, మళ్లీ మొదటి నుంచి చెప్పింది. గూడెమంతా నవ్వింది.

మొదట్లో మా యంత్రం జ్వరం అంటే ఎడ్లు అనేది. అమ్మాయి ఓపికగా మళ్లీ మళ్లీ నేర్పింది. చివరికి అనుమతి తీసుకుని వాళ్ల గూడెం దగ్గరి ఆరోగ్య కేంద్రంలో దాన్ని పెట్టి చూశాం. నర్సమ్మ ముందు ఒక పెద్దావిడ కూర్చుని తన భాషలో తన బాధ చెప్పుకుంది. యంత్రం తడబడుతూనే పలికింది: "గుట్ట ఎక్కితే ఆయాసం వస్తోంది. ఎడమ చెయ్యి గుంజుతోంది."

నర్సమ్మ చటుక్కున లేచింది. "అవ్వా, చెయ్యి ఎప్పటి సంది గుంజుతుంది?" అంటూ ఆమె పక్కకొచ్చి నాడి పట్టుకుంది. ఆ పూటే ఆమెను ఆదిలాబాద్ పెద్దాస్పత్రికి పంపించారు. ఆమె కోలుకుందని తర్వాత తెలిసింది. ఆ రోజు మాత్రం అమ్మాయి వరండాలోకి వెళ్లి గోడ వైపు తిరిగి నిలబడిపోయింది. నేను దగ్గరికి వెళ్లలేదు.

మొదటి విడత నిధుల గడువు ముగిసేలోపే పైన విధానం మారింది. విడివిడిగా ఉన్న చిన్న ప్రాజెక్టులన్నిటినీ ఒక పెద్ద జాతీయ పథకంలో కలిపేశారు. రెండో విడత కోసం నేను ఢిల్లీ వెళ్లి మా పనిని కమిటీకి చూపించాను. ఎవరూ పరుషంగా మాట్లాడలేదు. పెద్దాయన ఒకరు కళ్లజోడు తీసి, ఆరోగ్య కేంద్రంలో తీసిన వీడియోను రెండోసారి వేయించుకుని మరీ చూశారు.

"చాలా మంచి పని అమ్మా. కానీ ఈ విడత నిధులు రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లో ఉన్న భాషలకే. గోండీ అందులో లేదు కదా."

"లక్షల మంది మాట్లాడతారు సార్. నాలుగైదు రాష్ట్రాల్లో ఉన్నారు."

"తెలుసు. నియమం మేం పెట్టింది కాదు."

పక్కనున్నాయన సాయం చేస్తున్నట్టుగానే అడిగారు. "ఇదే పద్ధతిలో తెలుగుకు చేయొచ్చుగా? నిధులు వెంటనే వస్తాయి."

"తెలుగుకు చేసేవాళ్లు చాలామంది ఉన్నారు సార్."

ఆయన నవ్వారు. తర్వాత టీ ఇచ్చారు.

పెద్దపల్లిలో రైలు దిగేసరికి అమ్మాయి ప్లాట్‌ఫాం మీద నిలబడి ఉంది. రమ్మని నేను చెప్పలేదు. నా ముఖం చూసి అడిగింది. "రాలేదా మేడం?"

"రాలే బిడ్డా."

నా చేతిలోని బ్యాగు తీసుకుని ముందు నడిచింది. ఇద్దరం కరీంనగర్ బస్సెక్కాం.

ఫెలోషిప్ ఆగిపోయినా కొన్ని నెలలు ఆమె వెళ్లిపోలేదు. పొద్దున జూనియర్లకు ల్యాబ్ క్లాసులు చెప్పి, మధ్యాహ్నం నుంచి తన పని చేసుకునేది. దేశం పెద్ద పెద్ద కంప్యూటర్ కేంద్రాలు కడుతోందని ఆ రోజుల్లోనే పేపర్లలో వస్తుండేది. నాకు కోపం రాలేదు. దేశానికి అవి కావాలి. వాటిలో మాకూ కాస్త చోటివ్వమని రాశాను. పథకంలో ఉన్న సంస్థలకే అని జవాబు వచ్చింది. మా గదిని పరీక్షల విభాగానికి ఇచ్చారు.

ఒకరోజు నర్సమ్మ ఫోన్ చేసింది. "మేడం, ఆ మాట్లాడే డబ్బా మల్ల ఎప్పుడు తెస్తరు? అవ్వలు వచ్చి అడుగుతుండ్రు."

ఫోన్లో చెప్పే మాట కాదనిపించింది. ఇద్దరం గూడేనికి వెళ్లాం. రాం రాం చెప్పి, మంచాలు వాల్చి కూర్చోబెట్టారు. నేను తెలుగులో చెప్పాను. సర్కారు పద్ధతి మారింది, పైసలు రావు, పని ఆగిపోయింది అని. అమ్మాయి దాన్ని గోండీలోకి మార్చి చెప్పడం మొదలుపెట్టింది. నావి నాలుగు ముక్కలే. ఆమె చాలాసేపు మాట్లాడింది. ఒకాయన ఏదో అడిగాడు. ఆమె తల అడ్డంగా ఊపింది.

"ఏమడిగిండు?" అన్నాను.

"మేం ఏమన్న తప్పు చెప్పినమా, గందుకే ఆపిండ్రా అని అడుగుతుండు."

ఆమె ఆయన దగ్గరికి వెళ్లి, నేల మీద కూర్చుని, చెయ్యి పట్టుకుని నచ్చజెప్పింది. తప్పు తమది కాదని ఆయన నమ్మినట్టు లేడు. మేం లేచేదాకా నేల చూపులు చూస్తూనే ఉన్నాడు.

కొద్ది రోజులకే ఆమె హైదరాబాద్‌లో ఒక కంపెనీలో చేరింది. విదేశాల వాళ్ల ఇంగ్లిష్‌ను యంత్రం సరిగ్గా వింటోందో లేదో చూసే ఉద్యోగం. తమ్ముడి చదువు, చెల్లె చదువు ఆమె మీదే ఉన్నాయి. థీసిస్ సగంలో ఆగింది. రిజిస్ట్రేషన్ గడువు కూడా దాటిపోయింది.

ఈ ఏడు పరిశోధన నిధులకు కొత్త ప్రకటన వచ్చింది. ఈసారి షెడ్యూల్‌లో లేని భాషలను కూడా పరిశీలిస్తామని అందులో ఒక వాక్యం ఉంది. వెంటనే ఆమెకు ఫోన్ చేసి చదివి వినిపించాను.

"మీరు రాయుండ్రి మేడం," అంది. "గోండీ మాటలు గావాలంటే అడుగుండ్రి, ఆదివారం కూసొని చెప్త. నేనైతే మల్ల రాలేను."

నేను రాస్తున్నాను. ప్రధాన పరిశోధకుల పేరు దగ్గర నా పేరు రాశాను. దాని కింద స్కాలర్ పేరు రాయాల్సిన చోట ఇంకా ఏమీ రాయలేదు.