రెండు గ్లాసుల నీళ్లు

నాకు ఈ ఉద్యోగం చెవులు చూసి ఇచ్చారు. నిజంగానే. మా ఆయన సౌదీలోని ఖమీస్ ముషైత్‌లో ఒక పెద్ద కాంపౌండ్‌కి ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్ చూస్తాడు. ఆయన వెంట వచ్చి ఏడాది పాటు ఫ్లాట్‌లో గోడలు చూస్తూ కూర్చున్నాక, ఆడపిల్లల ప్రైవేటు కాలేజీలో వ్యాయామం టీచర్ కావాలంటే వెళ్లాను. గదిలో అందరూ ఆడవాళ్లే కాబట్టి తలమీది గుడ్డ తీశాను. డీన్ మేడమ్ నా సర్టిఫికెట్లు పక్కన పెట్టి చెవుల వైపే చూసింది. పదేళ్లు మ్యాట్‌కి రాసుకుని రాసుకుని గడ్డకట్టి, మక్కగారెల్లా ముడుచుకుపోయిన చెవులవి. "కుస్తీ పట్టేదానివా?" అంది. అవునన్నాను. రెండు నెలలు తిరక్కుండా హాల్లో నీలం మ్యాట్లు పరిచారు. పెళ్లిచూపుల రోజు జుట్టు కింద దాచుకోమని మా అమ్మ పోరు పెట్టిన చెవులు ఇక్కడ నన్ను కోచ్‌ని చేశాయి.

ఇక్కడ కోచ్‌ని కాప్టెన్ అంటారు. మొదట ఎనిమిది మంది చేరారు. ఒకరినొకరు గట్టిగా పట్టుకోవడానికే సిగ్గుపడి నలుగురు మానేశారు. మిగిలిన నలుగురిలో ఒకతి ఉంది. ఇంటి సామాన్ల దుకాణం ఆయన కూతురు. మాట తక్కువ, కానీ చెయ్యి దొరికిందంటే వదిలే రకం కాదు. అంత మంచి పట్టు నేను ఎవరిలోనూ చూడలేదు, నన్ను కలుపుకుని చెబుతున్నా. వాళ్ల నాన్న సంతకం పెట్టేటప్పుడే షరతు పెట్టాడు. ఒక్క ఏడాది. రియాద్‌లో సెలెక్షన్స్‌లో నెగ్గితే ఆడుకోవచ్చు, లేదంటే ఇంట్లో మళ్లీ ఆ మాట ఎత్తకూడదు. ఆ పిల్లకి కుస్తీ తప్ప వేరే ధ్యాస లేదు. నాకు ఆ పిల్ల తప్ప వేరే ధ్యాస లేదు.

ఆమె బరువు యాభై ఏడున్నర. ఆ బరువులో రియాద్ నుంచి ఒక పిల్ల దిగుతోంది, విదేశాల్లో నేర్చుకుని వచ్చింది, మా పిల్లని నిమిషంలో చిత్తు చేస్తుంది. యాభై మూడు కిలోల్లో మాత్రం చెప్పుకోదగ్గ వాళ్లెవరూ లేరు. ఇంకేం, యాభై మూడుకి దించుతానన్నాను. మా రోజుల్లో మా సార్ రెయిన్‌కోటు తొడిగి ఎండలో గ్రౌండు చుట్టూ ఉరికించేవాడు, నీళ్లు బంద్ పెట్టేవాడు. పద్దెనిమిదేళ్లప్పుడు నేను నాలుగు రోజుల్లో నాలుగు కిలోలు దించాను. చావలేదు. ఆ "చావలేదు" అన్న ఒక్క ముక్క పట్టుకునే ఆ పిల్లకీ కోచింగ్ ఇచ్చాను.

సెలెక్షన్స్ ఈద్ అయ్యాక నాలుగో రోజు. అంటే బరువు దించేది రంజాన్‌లోనే. మిగతా టీచర్లు ఈ నెల ప్రాక్టీసు వద్దంటే నేను లోపల సంబరపడ్డాను. పగలంతా ఎలాగూ తినరు, తాగరు, సగం పని దేవుడే చేసిపెడుతున్నాడు అనుకున్నాను. ఏం తెలివి నాది! నాకు తెలిసిన ఉపవాసం శివరాత్రి ఒక్కటే. అందులో పండ్లు నడుస్తాయి, పాలు నడుస్తాయి, చాయ్ కూడా నడుస్తుంది. పొద్దు పొడిచినప్పటి నుంచి గుక్కెడు నీళ్లు లేకుండా ఒక్క రోజన్నా ఉండి చూశానా? లేదు.

చివరి పది రోజులకి లెక్క చెప్పాను. "ఇఫ్తార్‌లో ఒక గ్లాసు నీళ్లు, తెల్లారుజామున సహర్‌లో ఒక గ్లాసు. అంతే." ఆ పిల్ల "సరే కాప్టెన్" అంది. మగ్రిబ్‌కి, అంటే ఉపవాసం విడిచే పొద్దుగూకే నమాజుకి, గంట ముందు హాలుకి రమ్మన్నాను. రెయిన్‌కోటు దొరక్క వీధి చివర బకాలా కొట్లో సుఫ్రా చుట్ట కొన్నాను. ఇక్కడి ఇళ్లలో నేల మీద పరిచి, దానిమీద పళ్లేలు పెట్టుకుని, తిన్నాక చుట్టి పారేసే పలచని ప్లాస్టిక్ అది. ఆ పిల్ల ఒంటికి నాలుగు చుట్లు చుట్టి, పైన ట్రాక్‌సూటు వేసి, స్కిప్పింగ్ తాడు ఆడించేదాన్ని. భుజం బెణికితే నొప్పి మాత్రలు కూడా నేనే ఇచ్చాను.

ఇంట్లో తన వాటా సమోసాలు తమ్ముళ్ల పళ్లెంలోకి ఎలా నెడుతోందో, సూప్ మూతికి ఆనించి ఎలా దించేస్తోందో నాకు చెప్పి నవ్వేది. నేనూ నవ్వి భుజం తట్టేదాన్ని. మా ఆయన మాత్రం నవ్వలేదు.

"ఏందే, ఆ పిల్ల ఉపాసమున్నది. నువ్వు నీళ్లు గూడ బంద్ వెడ్తున్నవ్. పానం మీదికొస్తే ఎవలు జూస్తరు?" అన్నాడు.

"కుస్తీ గురించి నీకేం ఎర్కని? పోయి నీ వైర్లు నువ్వు జూస్కో" అన్నాను. ఆయన మళ్లీ ఆ ఊసెత్తలేదు.

ఈద్‌కి రెండు రోజుల ముందు ఆ పిల్ల బట్టలు మార్చుకునే గదిలో నన్ను పక్కకి పిలిచింది. "కాప్టెన్, మూత్రం కోలా రంగులో వస్తోంది. అది కూడా చుక్కలు చుక్కలుగా." నేనేం చేశానో చెప్పమంటారా? కాంటా ఎక్కమన్నాను. యాభై మూడు కిలోల ఆరు వందలు. "ఇంక అరకిలోయే. ఓర్చుకో" అన్నాను.

ఓర్చుకుంది. ఆ రోజే, తాడు ఆడుతూ ఆడుతూ మ్యాట్ మీద పడిపోయింది. కాళ్లు కొయ్యబారిపోయాయి, పిలిస్తే పలకలేదు. నేను కత్తెర తెచ్చి ముందు ఒంటిమీది ప్లాస్టిక్ కోశాను. ఉండ చుట్టి నా బ్యాగులో కుక్కాను. ఆ తర్వాతే ఫోన్ చేశాను. ఇది ఎవరికీ చెప్పలేదు, మా ఆయనకి కూడా. అంబులెన్స్ గేటు దాటుతుంటే మగ్రిబ్ అజాన్ మొదలైంది. ఊళ్లో అందరూ నీళ్లు తాగుతున్నారు.

ఆసుపత్రిలో నా పేరు చూసి ఒక డాక్టరమ్మ తెలుగులో పలకరించింది. కోస్తా వైపు మనిషి.

"ఏమండీ, ఈ అమ్మాయి నీళ్లు తాగి ఎన్నాళ్లయిందండీ? నొప్పి మాత్రలేమన్నా వాడిందా? మీకు తెలిస్తే దాచకుండా చెప్పండి. కిడ్నీలు పనిచెయ్యట్లేదు."

"నాకు తెల్వదు మేడం" అన్నాను.

నా సొంత భాషలో అడిగింది, నా సొంత భాషలో అబద్ధమాడాను. ఛీ, ఏం బతుకు! బ్యాగులో ఆ ప్లాస్టిక్ ఉండనే ఉంది. కదిలినప్పుడల్లా గరగరమంటోంది.

రెండు రోజులకి ఆ పిల్లకి తెలివి వచ్చింది. మాత్రల సంగతి, నీళ్ల సంగతి తనే డాక్టర్లకి చెప్పింది. కాలేజీ వాళ్లు మంచం దగ్గరికి వచ్చి అడిగితే, "కాప్టెన్ వద్దనే చెప్పింది. నేనే వినలేదు" అందట. కాలేజీలో బరువు దించడం నిషేధమని హాలు గోడకి కాగితం అతికించారు. దానికింద నా చేతే సంతకం పెట్టించారు. నాకు ఇంకో ఏడాదికి కాంట్రాక్టు ఇచ్చారు. నేను తీసుకున్నాను. వద్దని ఇంటికి పోయేంత సిగ్గు నాకు లేకపోయింది.

ఐదు నెలలు గడిచాక వాళ్లమ్మ భోజనానికి రమ్మని కబురు పంపింది. వెళ్లక తప్పలేదు. అప్పటికి ఆ పిల్లకి వారానికి మూడుసార్లు డయాలసిస్. చదువు ఆగిపోయింది. వాళ్ల నాన్న పెట్టిన ఏడాది గడువు గురించి ఆ ఇంట్లో ఎవరూ మాట్లాడటం లేదు, గడువు అవసరం తీరిపోయింది. ఆ పిల్ల ముఖం ఉబ్బి ఉంది. ఎడమచేతికి, నేను మెచ్చుకున్న ఆ పట్టు చేతికి, మణికట్టు దగ్గర డయాలసిస్ గొట్టం కోసం కోసి వేసిన కుట్లు. నన్ను చూసి లేచి నిలబడబోయింది.

వాళ్లమ్మ చుట్ట విప్పి సుఫ్రా పరిచింది. అదే రకం, అదే చప్పుడు. దాని మీద మాంసం అన్నం పళ్లెం పెట్టి, నా రెండు చేతులూ పట్టుకుంది. వాళ్లు అరబ్బీలో మాట్లాడినా నాకు మా ఊరి మాటల్లోనే వినిపిస్తుంది.

"నువ్వు లేకుంటే నా బిడ్డ దక్కకపోవు. నువ్వే గదా దవాఖానకు తెచ్చినవ్" అంది. నేను తల దించుకున్నాను. "ఒక్క పని జెయ్యి బిడ్డా. దీనికి నీళ్లు ఎక్కువ తాగొద్దని డాక్టర్లు చెప్పిన్రు. రోజుకి రెండు గ్లాసులే. నా మాట ఇంటలేదు. బాత్రూంల సీసా దాచిపెట్టుకుంటున్నది. ఊపిరితిత్తులల్ల నీళ్లు జేరితే ఉండదట. కాప్టెన్ మాటంటే దానికి వేదం. నువ్వు చెప్పు."

ఆ పిల్ల నా వైపే చూస్తోంది. కోపం లేదు. ఉంటే బాగుండేది. ప్రాక్టీసులో ఏం చెబుతానా అని ఎదురుచూసినట్టే చూస్తోంది. వాళ్లమ్మ చెయ్యి వదల్లేదు.

"పొద్దున ఒక గ్లాసు" అన్నాను. "రాత్రి ఒక గ్లాసు. అంతే."

"సరే కాప్టెన్" అంది.

వాళ్లమ్మ నా నుదుటి మీద ముద్దు పెట్టుకుని, చల్లటి నీళ్లు అంచుదాకా పోసి నా ముందు పెట్టింది. మర్యాద కోసం తాగాను. నేను తాగడం అయ్యేదాకా ఆ పిల్ల గ్లాసునే చూస్తూ కూర్చుంది.