ముప్పై నిమిషాల చీకటి

ముందే చెప్తున్నా, మొదటి మూడుసార్లూ తప్పు నాది కాదు. అది ఒప్పుకుంటేనే మిగతాది చెప్తాను. టీ చల్లారినా సరే, వరసగానే వినాలి.

నా పీహెచ్‌డీ రేచీకటి మీదని మీకు తెలుసు కదా. కంటి వెనకాల రెటీనా అని పలచటి పొర ఉంటుంది. అందులో రాడ్స్ అనే కణాలుంటాయి, మసక వెలుతుర్లో మనకి చూపు వాటి వల్లే. కొన్ని కుటుంబాల్లో ఆ కణాలు ఏళ్ళ తరబడి మెల్లగా చచ్చిపోతాయి. ఈ జబ్బులో రకాలు బోలెడు. ఒక రకానికి జన్యు చికిత్స వచ్చింది, మిగతావాటి మీద ప్రపంచమంతా కుస్తీ పడుతున్నారు. అందులో నాది ఓ చిన్న మూల. ఇంట్లో ఒకరికి జబ్బుంటే, బాగానే ఉన్న మిగతావాళ్ళ కళ్ళలో ఏమైనా తేడా ముందే కనిపెట్టగలమా అని చూడటం.

అందుకని మనిషిని కటిక చీకటి గదిలో ముప్పై నిమిషాలు కూర్చోబెట్టాలి. వెలుతుర్లో అలిసిపోయిన రాడ్స్ అప్పటికిగానీ తేరుకోవు. ఆ తర్వాత కంటి అంచున దారం లాంటి తీగ పెట్టి, చిన్న మెరుపు మెరిపిస్తే, రెటీనాలో పుట్టే కరెంటు కంప్యూటర్లో గీతగా పడుతుంది. మధ్యలో రవ్వంత వెలుతురు పడిందా, మళ్ళీ మొదటి నుంచి ముప్పై నిమిషాలు. మా సూపర్‌వైజర్ దగ్గర దీనికి మినహాయింపు లేదు. తలుపు మీద కాగితం కూడా నేనే పెద్దక్షరాలతో రాసి అంటించాను. ఫోన్లు వద్దు, ఏ వెలుతురూ వద్దు, ఎవరైనా సరే.

సోమవారం ఆ మెషీన్ సర్వీసింగ్‌కి పోతుంది, ఆరు వారాల దాకా రాదు. ఈలోపే నా పీహెచ్‌డీ రివ్యూ. నాకింకా ఒక్క మనిషి తక్కువ. శుక్రవారం పన్నెండు నుంచి మూడు దాకా గది నాది, ఆ తర్వాత జెన్‌ది. జెన్ అంటే నా పక్క డెస్క్ అమ్మాయి.

ఆ ఒక్క మనిషీ ఇక్కడ ఊరి శివారు క్రెయిగీబర్న్‌లో ఉండే సుగుణ ఆంటీ. మా తెలుగు చర్చిలో పరిచయం, సొంతూరు రేపల్లె. ఆవిడ అన్నయ్యకి రేచీకటి. అడగ్గానే డ్యూటీకి సెలవు పెట్టుకుని మరీ వచ్చింది. ఆవిడ భర్త ప్రసాద్ అంకుల్ కారు నడిపారు. ఆంటీ చేతిలో గారెల డబ్బా.

కంటిపాప పెద్దదవడానికి చుక్కలు వేశాను. అంకుల్‌ని బయట కుర్చీలో కూర్చోబెట్టాను. తలుపేసి, ముప్పై నిమిషాలకి కూత పెట్టే వంటింటి టైమర్ తిప్పి, లైట్ ఆపాను.

మీకో వింత చెప్పనా. రాడ్స్ చీకట్లో ఊరుకోవు. చీకట్లోనే ఆపకుండా సంకేతాలు పంపుతుంటాయి, వెలుతురు పడగానే నోరు మూసుకుంటాయి. ఆంటీ కూడా అచ్చం అంతే. లైట్ ఆర్పిన క్షణం నుంచి మొదలుపెట్టింది. మీ అమ్మ మోకాళ్ళు ఎలా ఉన్నాయి, వీసా ఏమైంది, ఇక్కడ పులుసుకి ఏ చేప బాగుంటుంది. మాట్లాడితే మాట్లాడింది, మాటలకి రెటీనా ఏమీ అనుకోదు. ఉన్నట్టుండి ఆవిడ మొహం తెల్లగా వెలిగింది.

"ఆంటీ, ఫోనా అది?"

"సైలెంట్‌లోనే పెట్టా కదమ్మా. మా చెల్లెలు మెసేజ్ పెట్టింది, చిన్నగా చూస్తున్నా."

చిన్నగా చూడటం ఏంటండీ? లైట్ వేసి చూస్తే టైమర్‌లో ఇంకా పన్నెండు నిమిషాలుంది. ఫోను లాక్కుని బయట అంకుల్ చేతికిచ్చాను. లాగ్‌బుక్‌లో కసితీరా రాశాను: మొదటి ప్రయత్నం విఫలం, కారణం పార్టిసిపెంట్ ఫోన్. కింద రెండు గీతలు కూడా గీశాను.

రెండోసారి బాగానే సాగింది. కబుర్లు అయిపోయాక ఆంటీ ప్రార్థన మొదలుపెట్టింది. ఈ మెషీన్‌ని దీవించు ప్రభువా, ఈ బిడ్డ చదువుని దీవించు, చూపు లేనివాళ్ళందరినీ దీవించు అంటోంది. నిజం చెప్తున్నా, నాక్కూడా మనసు కరిగింది. ఆమెన్ అందామనుకునేలోపు ఆవిడ రెండు చేతులూ పైకెత్తింది.

చెయ్యెత్తితే చాలు, ఆవిడ చేతి వాచీ వెలుగుతుందట. గదంతా పచ్చగా అయిపోయింది. ఆ పచ్చటి వెలుగులో ఆంటీ కళ్ళు మూసుకుని ఉంది పాపం, చూసింది నేనొక్కదాన్నే. కానీ రెప్పల్లోంచి కూడా వెలుతురు పోతుందిగా.

"వాచీ ఎందుకు తీయలేదాంటీ?"

"నువ్వు ఫోనన్నావు గానీ వాచీ అన్లేదే."

నాకు ఒళ్ళు మండిపోయింది. ప్రార్థన చేసే మనిషిని ఏమనగలను? వాచీ కూడా అంకుల్‌కిచ్చి, లాగ్‌బుక్‌లో రాశాను: కారణం పార్టిసిపెంట్ వాచీ. ఈసారి మూడు గీతలు.

మూడోసారి ఇక ఆంటీ దగ్గర వెలిగేదేమీ లేదు. ఒంటి మీద బంగారం తప్ప. హాయిగా కూర్చున్నాను. ఇరవై నిమిషాలై ఉంటుంది, తలుపు బార్లా తెరుచుకుంది. కారిడార్ వెలుతురంతా వరదలా లోపలికి. గుమ్మంలో అంకుల్, చేతిలో ఆంటీ ఫోను.

"సుగుణా, రాజు ఫోన్ చేస్తున్నాడు. సాయంత్రం బార్బెక్యూకి ఉల్లిపాయలు మనం తేవాలా, వాళ్ళు తెస్తారా అని."

ఫోను ఆయనకిచ్చింది నేనే కదా, మోగితే ఆయన తీసుకొచ్చారు. గొంతు తగ్గించి అడిగాను, "అంకుల్, తలుపు మీద కాగితం చదవలేదా?"

"చదివానమ్మా, రెండుసార్లు చదివాను. అది లోపలున్న వాళ్ళకనుకున్నా."

ఎవరైనా సరే అని రాశానండీ. అందరికీ కనపడేలా రాశాను. ఆంటీ లోపల్నుంచి నింపాదిగా అంది, "ఉల్లిపాయలు మనమే తెస్తామని చెప్పండి." లాగ్‌బుక్‌లో రాశాను: కారణం పార్టిసిపెంట్ భర్త. పెన్ను కాగితానికి చిల్లు పెట్టింది.

ఒంటిగంటా యాభై. చీకటి అరగంట అయ్యాక రికార్డింగ్‌కి ఇంకో అరగంట కావాలి, అంటే ఇదే ఆఖరి అవకాశం. ఇద్దరికీ క్లాస్ పీకాను. పెద్దవాళ్ళని కూడా చూడలేదు. ఇది ఆట కాదు, ఒక్క క్షణం వెలుతురుతో నా మూడేళ్ళ పని పోతుంది, కాస్త క్రమశిక్షణ ఉండాలి అన్నాను. అంకుల్ బుద్ధిగా తలూపారు. ఆంటీ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

నాలుగోసారి చీకట్లో పాతిక నిమిషాలు దాటి ఉంటాయి. ఆంటీ మెల్లగా అంది, "మా అన్నయ్య సాయంత్రం ట్యూషన్ నుంచి వచ్చేటప్పుడు నా జడ కొస పట్టుకుని నడిచేవాడమ్మా. కాలవ గట్టు కదా, ఇరుకు. ఆటపట్టిస్తున్నాడనుకుని నేను గట్టిగా అరిచేదాన్ని. వాడికి దారి కనపడక పట్టుకున్నాడని పెళ్ళయ్యాకగానీ తెలీలేదు నాకు."

ఇన్నాళ్ళూ ఎంతమంది గీతలు తీశానో, జడ కొస సంగతి ఎవరూ చెప్పలేదు.

"నా బిడ్డలకి రాకుండా చూడాలనే వచ్చా," అని, "ఎంతసేపైంది తల్లీ?" అంది.

ఆవిడ అంత ఆశగా అడిగింది కదా. వెంటనే చెప్దామనిపించింది. చెయ్యి దానంతటదే జేబులోకి పోయింది.

"రెండూ పంతొమ్మిది. ఇంకొక్క నిమిషం ఆంటీ," అన్నాను, నా ఫోను చూసి.

గది తెల్లగా వెలిగిపోతోంది. ఆంటీ నన్నే చూస్తోంది. చుక్కల వల్ల కళ్ళు ఇంతింత. సరిగ్గా నిమిషానికి టైమర్ కూత పెట్టింది.

"వాళ్ళ నాన్నకి చెప్పకులే," అంది ఆంటీ. అంకుల్‌ని అలాగే అంటుంది. "మళ్ళీ మొదటి నుంచా?"

మూడింటికి జెన్ వచ్చింది. ఏ మొహం పెట్టుకుని అడగాలో తెలీక నేను గోడ చూస్తున్నాను. ఆంటీయే లేచి డబ్బా తెరిచి, "డార్లింగ్, ఈట్ దిస్ ఫస్ట్," అంది. రెండో గారెకి జెన్ తన గంట మాకిచ్చేసింది. "నో వరీస్, కానీ లోపల ఎవరి దగ్గరా ఫోనుండకూడదు," అంది. మాకు, అంటే నాకు.

అలా ఐదోసారి కూర్చున్నాం. గుమ్మం బయట అంకుల్ కాపలా. ఆయన జేబులో ఆంటీ ఫోనూ, ఆంటీ వాచీ, నా ఫోనూ. లోపలికెళ్తుంటే నన్నాపి, "ఇంకేమీ లేవు కదమ్మా? కాస్త క్రమశిక్షణ ఉండాలి," అన్నారు. ఆంటీ చెప్పలేదు, ఆయనే కనిపెట్టేశారు.

గీత శుభ్రంగా రికార్డయింది. ఫలితం నేను చెప్పకూడదు, సూపర్‌వైజరే ఆంటీకి చెప్పాలి. ఇవాళ పొద్దున సూపర్‌వైజర్ నా లాగ్‌బుక్ తిరగేసింది. పార్టిసిపెంట్ ఫోన్, రెండు గీతలు. పార్టిసిపెంట్ వాచీ, మూడు గీతలు. పార్టిసిపెంట్ భర్త, చిల్లు. నాలుగో దాని దగ్గర ఆగి కళ్ళద్దాలు పెట్టుకుంది. అక్కడ చీమ తలకాయంత అక్షరాలతో 'ఫోన్' అని మాత్రం ఉంది.

"ఎవరిది?" అనడిగింది.

రాడ్స్ సంగతి చెప్పాను కదా, వెలుతురు పడగానే నోరు మూసుకుంటాయని. నేనూ అంతే.