తాడు అవతలి రేసు కారు

మావారికి రేసు కార్ల పిచ్చి. పెళ్లయిన కొత్తలో నా పుట్టినరోజు మర్చిపోయారు గానీ, ఏ కారు ఏ రేసు గెలిచిందో ఒక్కటీ మర్చిపోలేదు. అలాంటి మనిషికి ఫిట్స్ వచ్చి స్టీరింగు దూరమైంది. అమెరికాలో మేముండే ప్లేనో ఊళ్లో కారు నడపలేనివాడికి కాళ్లు లేనట్టే. పాలకైనా, ప్రార్థనకైనా నేనే తీసుకెళ్లాలి. అయినా కొత్త మందు పనిచేస్తుందని, మళ్లీ నడుపుతానని ఆయన నమ్మకం. రోజూ ప్రార్థనలో అడిగేది అదొక్కటే.

శుక్రవారం డాక్టర్ ఆ మందు కూడా పనిచేయలేదన్నాడు. ఇక డ్రైవింగ్ మీద ఆశ పెట్టుకోవద్దన్నాడు. మర్నాడు ఆయన్ని మ్యూజియానికి తీసుకెళ్లాను. ఆయన ఎప్పటినుంచో చూడాలనుకున్న పాత అమెరికన్ రేసు కారు అక్కడ ఉంది. చూస్తే కాస్త మనసు కుదుటపడుతుందనుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

సన్నటి చక్రాలు, ఒక్క మనిషికే చోటు, బానెట్ మీద తోలు పట్టీలు. టైర్లు నేలకు ఆనకుండా స్టాండ్ల మీద నిలబెట్టి, చుట్టూ తాడు కట్టారు. అక్కడున్న ముసలి గైడ్‌ని మావారు అడిగారు, “స్టార్ట్ అవుతుందా?”

“ఇంజన్ బాగానే ఉంది. కానీ ఇక నడపం,” అన్నాడాయన.

మావారు నావైపు తిరిగారు. “విన్నావా? ఇంజన్ బాగానే ఉందంట. అయినా డ్రైవ్ చెయ్యరంట.” నవ్వబోయారు. నాకు ఏడుపొచ్చింది.

మా తెలుగు చర్చిలో ఎవరు కారు కొన్నా, ఆదివారం ఆరాధన అయ్యాక పార్కింగ్‌లో బానెట్ మీద చేతులుంచి ప్రార్థిస్తాం. ఆ ప్రార్థన ఎప్పుడూ మావారిదే. సమోసాలు చల్లారిపోయేదాకా వదలరు. ఆ అలవాటు కొద్దీ కాబోలు, తాడు మీదుగా వంగి ఆ కారు మీద చెయ్యేసి కళ్లు మూసుకున్నారు. ముట్టుకోవద్దని చెప్పడానికి గైడ్ ముందుకొచ్చి, ఆయన పెదాలు కదలడం చూసి ఆగిపోయాడు.

తన కోసమే అడుగుతున్నారనుకుని నేనూ తల వంచాను.

“తండ్రీ, ఇకమీదట డ్రైవ్ చేసేది నా భార్యే. చీకట్లో, వానలో ఆమె చేతుల్ని కాపాడు. నన్ను తిప్పీ తిప్పీ ఆమె విసిగిపోకుండా చూడు.” అంతే. స్వస్థత మాటే ఎత్తలేదు. ఇంత చిన్న ప్రార్థన ఆయన నోట నేనెన్నడూ వినలేదు.

ఆమేన్ అనాల్సింది నేను. అన్నానంటే, ఆయన ఇక నడపరని నేనూ ఒప్పుకున్నట్టే. ఆయన కళ్లు తెరవకుండా నా ఆమేన్ కోసం అలాగే నిలబడ్డారు.